ఫోటో మీ పరికరం దాటకుండా ఫైలు సైజు తగ్గించడం: బ్రౌజర్‌లోనే చేసుకునే విధానం

దరఖాస్తు ఫారం ఫోటోను 100 కేబీలోపు ఇమ్మంటుంది, చేతిలో ఉన్న ఫోటో 4 ఎంబీ ఉంటుంది. గడువు దగ్గరపడుతుంటే చాలామంది చేసే పని ఒకటే: వెతికితే మొదట కనిపించిన వెబ్‌సైటు తెరిచి, ఫోటోను అందులో వేసి, చిన్నదైన ఫైలును దించుకుంటారు. అది పూలతోట ఫోటో అయితే చింత లేదు. కానీ ఇలా కుదించవలసి వచ్చేవి ఎక్కువగా గుర్తింపు కార్డులు, సంతకాలు, మార్కుల జాబితాలు, వైద్య నివేదికలు, పిల్లల ఫోటోలు. ఎవరి చేతికీ చిక్కకూడని కాగితాలనే ముక్కూ మొహం తెలియని సర్వర్లకు పంపి, అవి అక్కడ ఎంతకాలం ఉంటాయో కూడా అడగకుండా వచ్చేస్తున్నాం.

అలా పంపవలసిన అవసరమే లేదు. ఫోటోను విప్పి చూపడం బ్రౌజర్‌కు మొదటినుంచీ వచ్చిన విద్య. విప్పిన బొమ్మను కాన్వాస్ అనే సదుపాయంతో మరో సైజులో, మరో నాణ్యతతో తిరిగి ఫైలుగా రాయడం కూడా దానికి వచ్చు. దానికి తోడు వెబ్‌అసెంబ్లీ వచ్చింది. 2019 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించిన ఈ పద్ధతి వల్ల, ఒకప్పుడు కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసుకుంటేనే పనిచేసిన కుదింపు ప్రోగ్రాములు ఇప్పుడు వెబ్ పేజీ లోపలే నడుస్తున్నాయి. అంటే పనిముట్టే మన దగ్గరకు వస్తుంది కాబట్టి ఫోటో ఎక్కడికీ పోనక్కర్లేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఫోటోను సర్వర్‌కు పంపే సైటూ, పంపకుండా ఇక్కడే కుదించే సైటూ చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ ఫోటోను లాగి వదలమనే పెట్టె ఉంటుంది, రెండింటిలోనూ బటన్ మీద అప్‌లోడ్ అనే రాసి ఉండవచ్చు. నిజానికి మీరు ఫైలును ఎంచుకున్నప్పుడు దాన్ని చదివే అనుమతి మాత్రమే పేజీకి దక్కుతుంది. చదివిన దాన్ని బయటికి పంపడం ఆ తర్వాత జరిగే వేరే పని. ఆ రెండో పని జరుగుతోందో లేదో బటన్ మీది మాటను బట్టి తెలియదు, మీ ఫైళ్లు భద్రం అని పేజీలో రాసిన హామీని బట్టి అసలే తెలియదు. అదృష్టవశాత్తూ దాన్ని మనమే పరీక్షించి తెలుసుకోవచ్చు. అందుకే కుదింపు కంటే ముందు పరీక్ష గురించి వివరంగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: నెట్ తీసేసి పరీక్షించడం

ఇది ఎవరైనా చేయగల పరీక్ష, నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగినది కూడా. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో ఒకటి తెరవండి, క్రోమ్‌లో దీన్నే ఇన్‌కాగ్నిటో అంటారు. అందులో మీరు వాడదలచిన సైటు తెరిచి, ఎవరు చూసినా నష్టం లేని బొమ్మ ఒకటి వేసి, మీకు కావలసిన ఫార్మాట్‌లోకి ఒకసారి కుదించి చూడండి. ఈ తొలి ప్రయత్నానికి కారణం ఉంది. కొన్ని సైట్లు కుదింపు ప్రోగ్రామును పేజీతోపాటు తెచ్చుకోవు, మీరు ఫార్మాట్ ఎంచుకున్న క్షణంలో దించుకుంటాయి. ఆ భాగం ముందే చేరకపోతే నిజాయితీగా పనిచేసే సైటు కూడా నెట్ తీసేయగానే ఆగిపోయి, మనకు తప్పుడు అనుమానం కలిగిస్తుంది.

తర్వాత వైఫై ఆపండి, మొబైల్ డేటా ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి. ఫోన్‌లో అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. ఇప్పుడు అదే పేజీలో అసలు ఫోటో వేయండి. కుదింపు పూర్తయి ఫైలు మీ డౌన్‌లోడ్స్‌లో చేరితే, ఆ పని మొత్తం మీ పరికరంలోనే జరిగిందన్నమాట. చక్రం తిరుగుతూ ఉండిపోయినా, కనెక్షన్ లేదన్న సందేశం వచ్చినా ఆ సైటును వదిలేయండి.

ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది. నెట్ లేనప్పుడు చదివిన ఫోటోను పేజీ బ్రౌజర్ నిల్వలో దాచుకుని, నెట్ తిరిగి రాగానే పంపడం సాంకేతికంగా సాధ్యమే. కాబట్టి ఫలితం దించుకున్నాక ప్రైవేట్ విండోలన్నీ మూసేయండి, ఆ తర్వాతే నెట్ ఆన్ చేయండి. చివరి ప్రైవేట్ విండో మూసినప్పుడు ఆ పేజీ దాచుకున్న నిల్వ కూడా చెరిగిపోతుంది. ఈ వరుసను పాటిస్తే పరీక్షా పనీ ఒక్కసారే అయిపోతాయి, సైటు మంచిదా కాదా అన్న ప్రశ్నకే పెద్దగా ప్రాముఖ్యం ఉండదు. గుర్తింపు పత్రాల విషయంలో నేను ప్రతిసారీ ఇలాగే చేస్తాను. వెబ్ పేజీలోని కోడ్‌ను దాని యజమాని ఎప్పుడైనా మార్చవచ్చు కాబట్టి, నిన్న నెగ్గిన పరీక్ష ఈరోజుకు హామీ కాదు.

ప్రైవేట్ విండో వల్ల ఇంకో మేలు కూడా ఉంది. మీరు తెరిచిన ప్రతి పేజీనీ చదివే అనుమతి తీసుకున్న ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు, అందులో ఉండవచ్చు. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాటిని ప్రైవేట్ విండోలో నడవనివ్వవు.

రెండో మెట్టు: ఏం బయటికి పోతోందో కళ్లారా చూడడం

కంప్యూటరు మీద పనిచేసేవారు మరింత లోతుగా చూడవచ్చు. పేజీ తెరిచి ఎఫ్12 నొక్కండి, మ్యాక్‌లో క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ అయితే కమాండ్, ఆప్షన్, ఐ మూడూ కలిపి నొక్కండి. డెవలపర్ టూల్స్ తెరుచుకుంటాయి, అందులో నెట్‌వర్క్ అనే ట్యాబ్‌లోకి వెళ్లండి. ఉన్న జాబితాను చెరిపేసి, సుమారు 5 ఎంబీ ఉన్న మామూలు ఫోటోను పేజీలో వేసి, కొత్తగా ఏ వరుసలు చేరుతున్నాయో గమనించండి.

సైజు అనే గడిని చూసి మోసపోవద్దు, అందులో కనిపించేది పేజీకి వచ్చిన దాని పరిమాణం, ఇక్కడినుంచి పోయిన దానిది కాదు. మీరు చూడవలసింది మెథడ్ అనే గడి. అది కనిపించకపోతే గడుల శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి జోడించుకోవచ్చు. అందులో పోస్ట్ లేదా పుట్ అని ఉంటే పేజీ ఏదో బయటికి పంపుతోందని అర్థం. ఆ వరుస మీద నొక్కి, పంపిన సమాచారం పరిమాణం హెడర్లలో (పంపినదాని వివరాల జాబితాలో) కంటెంట్ లెంత్ దగ్గర ఎంత ఉందో చూడండి. అక్కడ 50 లక్షలకు దగ్గరగా అంకె కనిపిస్తే, బైట్ల లెక్కలో అది మీ 5 ఎంబీ ఫోటోనే. బ్లాబ్ లేదా డేటా అని మొదలయ్యే చిరునామాలు చూసి కంగారుపడవద్దు, అవి బ్రౌజర్ లోపలి చిరునామాలు, నెట్ మీదికి పోవు. కొన్ని వందల బైట్లు మాత్రమే ఉన్న పోస్ట్‌లు సాధారణంగా సందర్శకుల లెక్కకు సంబంధించినవి. ఫోటోను ముక్కలుగా కోసి పంపే సైట్లూ ఉంటాయి, అందుకే ఒక్క వరుసతో ఆగకుండా ఫోటో వేసిన తర్వాత వచ్చిన వరుసలన్నీ చూడాలి.

మూడో మెట్టు: కొలతలు తేల్చుకోవడం

ఫైలు తగ్గాలంటే వెంటనే క్వాలిటీ మీటను కిందికి లాగడం అందరికీ అలవాటు. నా అభిప్రాయంలో అది చివర చేయవలసిన పని. ఒక చిన్న లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. 12 మెగాపిక్సెల్ కెమెరా తీసిన ఫోటో కొలతలు 4000×3000, అంటే కోటీ 20 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున, ఏ కుదింపూ లేకుండా రాస్తే అది 36 ఎంబీ అవుతుంది. దాన్ని 4 ఎంబీకి తెచ్చింది జేపెగ్ అనే కుదింపు పద్ధతి చలవ. అదే ఫోటోను 1600×1200కు తగ్గిస్తే మిగిలేవి 19 లక్షల 20 వేల పిక్సెళ్లు, మొదటి దానిలో 16 శాతం. క్వాలిటీని ముట్టుకోకుండానే ఫైలు ఎంతో పడిపోతుంది, మామూలు తెర మీద చూసేవారికి తేడా తెలియదు. 4000 పిక్సెళ్ల వెడల్పును అలాగే ఉంచి క్వాలిటీని 10కి దించితే ఫైలు చిన్నదవుతుంది గాని ముఖం నిండా గళ్లు పడతాయి. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలోని సూక్ష్మమైన మార్పులను వదిలేస్తూ పోతుంది. వదిలేయడం శ్రుతి మించినప్పుడు ఆ గళ్లే బయటపడతాయి.

కాబట్టి మీటల జోలికి పోకముందే ఫోటో ఎక్కడ, ఎంత పెద్దదిగా కనిపించబోతోందో తేల్చుకోండి. మెయిల్‌లో పంపడానికి పొడవైన వైపు 1600 నుంచి 2000 పిక్సెళ్లు చాలు. దరఖాస్తు ఫోటోకు ఫారమే కొలతలు చెబుతుంది. అవసరం లేని అంచులను కత్తిరించడం కూడా ఈ దశలోనే చేయాలి, ఎందుకంటే వెనకాల గోడకు ఖర్చయ్యే బైట్లు ముఖానికి దక్కాల్సినవి.

నాలుగో మెట్టు: స్క్వూష్‌లో కుదించడం

ఈ పనికి నేను మొదట సూచించేది స్క్వూష్. గూగుల్ క్రోమ్ బృందం 2018లో విడుదల చేసిన ఈ పనిముట్టు ఉచితం, దీని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, అన్నిటికీ మించి నెట్ లేకపోయినా పనిచేసేలా కట్టారు. చిరునామా గడిలో స్క్వూష్, చుక్క, యాప్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే వస్తుంది. చిత్రాన్ని సర్వర్‌కు పంపబోమని దాని ప్రకటనలో స్పష్టంగా రాశారు. సందర్శకుల ప్రాథమిక వివరాలు, కుదింపుకు ముందూ తర్వాతా ఫైలు పరిమాణాల అంకెలు గణాంకాల కోసం సేకరిస్తామని కూడా అక్కడే ఒప్పుకున్నారు. ఆ అంకెలు కూడా పోకూడదనుకుంటే మొదటి మెట్టులో చెప్పినట్లు నెట్ తీసేసి వాడుకోండి.

ఫోటోను పేజీ మీదికి లాగి వదలగానే తెర రెండుగా చీలుతుంది. ఎడమవైపు అసలు ఫోటో, కుడివైపు కుదించినది, మధ్యలో అటూ ఇటూ జరిపే గీత ఉంటాయి. కుడివైపు పట్టికలో ముందుగా రీసైజ్ ఆన్ చేసి, వెడల్పు దగ్గర మీరు తేల్చుకున్న అంకె ఇవ్వండి. నిష్పత్తిని కాపాడే గడిలో టిక్ ఉంటే ఎత్తు దానంతటదే సరిపోతుంది. పద్ధతి దగ్గర లాంక్జోస్3 ఉంటే అలాగే ఉంచండి, ఫోటోలకు అది చక్కగా కుదురుతుంది.

తర్వాత కంప్రెస్ కింద ఫార్మాట్ ఎంచుకోవాలి. ఎవరు ఎలా తెరుస్తారో తెలియని ఫోటోకు, దరఖాస్తులకు మోజ్‌జేపెగ్ ఎంచుకోండి, దాన్నుంచి వచ్చేది ఎక్కడైనా తెరుచుకునే మామూలు జేపెగ్ ఫైలే. క్వాలిటీ 75 దగ్గర మొదలుపెట్టండి. మధ్య గీతను ముఖం మీద, వెంట్రుకల మీద, అక్షరాల అంచుల మీద జరుపుతూ 100 శాతం జూమ్‌లో తేడా వెతకండి. ఆకాశంలాంటి నున్నటి చోట్ల గళ్లు, మెట్లు కనిపిస్తే 80కి పెంచండి, ఏమీ కనిపించకపోతే 65కి దించి చూడండి. ఈ అంకె శాతం కాదని గుర్తుంచుకోండి. ఒక ప్రోగ్రాములోని 75, మరో ప్రోగ్రాములోని 75 ఒకే ఫలితాన్ని ఇవ్వవు, కాబట్టి అంకెను కాక కంటిని నమ్మాలి.

సొంత వెబ్‌సైటులో పెట్టే ఫోటోలకు వెబ్‌పీ లేదా ఏవిఫ్ అనే ఫార్మాట్లు మేలు. 2010లో గూగుల్ ప్రకటించిన వెబ్‌పీని నేటి ప్రధాన బ్రౌజర్లన్నీ చూపుతాయి. ఏవీ1 అనే వీడియో కుదింపు పద్ధతి నుంచి పుట్టిన ఏవిఫ్ ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది గాని, తయారు కావడానికి సమయం తీసుకుంటుంది, పాత ఫోన్‌లో చాలాసేపు కాచుకోవలసి రావచ్చు. స్క్రీన్‌షాట్లు, గీతల బొమ్మలు, లోగోలకు పీఎన్‌జీ సరైనది. తనంతట తాను అది ఒక్క పిక్సెల్‌ను కూడా మార్చదు. స్క్వూష్‌లో ఆక్సీపీఎన్‌జీ ఎంచుకుని, పైన ఉన్న రెడ్యూస్ పాలెట్ ఆన్ చేసి రంగులను 64కో 32కో తగ్గిస్తే స్క్రీన్‌షాట్లు ఆశ్చర్యపోయేంత చిన్నవవుతాయి. కెమెరా ఫోటోకు మాత్రం పీఎన్‌జీ వాడకండి, ఫైలు తగ్గకపోగా పెరుగుతుంది.

ఇన్ని కేబీలోపే ఉండాలన్నప్పుడు

పరిమితి 50 కేబీ అన్నారనుకుందాం. కొందరు కేబీ అంటే 1000 బైట్లు అని, కొందరు 1024 బైట్లు అని లెక్కిస్తారు. కాబట్టి పరిమితి 50,000 బైట్లు కావచ్చు, 51,200 కావచ్చు. 47, 48 కేబీ దగ్గర ఆగితే ఏ లెక్కకైనా సరిపోతుంది. కనీస పరిమితి కూడా ఉందేమో ఫారంలో చదవండి, 20 నుంచి 50 కేబీ మధ్య అని రాసిన చోట 12 కేబీ ఫైలును కూడా తిప్పి పంపుతారు.

కొలతలు సరిచేశాక క్వాలిటీని 75 దగ్గర పెట్టి పరిమాణం చూడండి. ఎక్కువైతే 50కి, ఆ తర్వాత వచ్చిన అంకెను బట్టి మధ్యకు, ఇలా సగం సగం జరుపుతూ పోతే నాలుగైదు ప్రయత్నాల్లో సరైన చోటు దొరుకుతుంది. 40 దాకా దిగినా పరిమితిలోకి రాకపోతే ఇంకా దించవద్దు. వెడల్పును మరో పదిహేను శాతం తగ్గించి, క్వాలిటీని తిరిగి పైకి తెచ్చుకోండి. ప్రతి ప్రయత్నమూ అసలు ఫోటో నుంచే జరగాలి. కుదించిన జేపెగ్‌ను దించుకుని, దాన్నే మళ్లీ పేజీలో వేసి కుదిస్తే ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పోయింది మరి తిరిగి రాదు.

స్కాన్ చేసిన కాగితాలది వేరే దారి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 2480×3508 పిక్సెళ్లు వస్తాయి. చదువుకోవడానికే అయితే 150 డీపీఐకి సమానమైన 1240×1754 చాలు, పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గుతాయి. కాగితం మీద ఎర్ర ముద్ర, నీలం సంతకం ముఖ్యం కాకపోతే స్కాన్ చేసేటప్పుడే గ్రేస్కేల్ (రంగుల్లేని నలుపు తెలుపు ఛాయలు) ఎంచుకోండి. రంగు సిరా ముఖ్యమైతే ఒక జాగ్రత్త ఉంది. కంటికి వెలుతురులో తేడా తెలిసినంతగా రంగులో తేడా తెలియదన్న ఆధారంతో జేపెగ్ సాధారణంగా రంగు వివరాన్ని తగ్గించి దాచుతుంది. ఫోటోలో ఇది కనిపించదు, తెల్ల కాగితం మీది ఎర్ర అక్షరాలు మాత్రం అలుక్కుపోతాయి. మోజ్‌జేపెగ్ అదనపు సెట్టింగుల్లో ఆటో సబ్‌శాంపిల్ క్రోమా టిక్ తీసేసి, కింద వచ్చే విలువను 1కి తెస్తే అక్షరాలు తేటపడతాయి.

ఫోటో లోపల దాగిన వివరాలు

ఫోటోను ఎవరికీ పంపకుండా కుదించాం గాని, చివరికి దాన్ని ఎవరికో ఒకరికి పంపుతాం కదా. కెమెరా రాసిన ఎక్సిఫ్ సమాచారం అప్పుడు వెంట పోతుంది. తీసిన తేదీ, గడియ, ఫోన్ మోడల్, లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు అందులో ఉంటాయి. 2012 డిసెంబరులో, బెలీజ్ పోలీసులకు దూరంగా తిరుగుతున్న యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ ఫోటోను వైస్ పత్రిక ప్రచురించినప్పుడు, అందులో మిగిలిపోయిన జీపీఎస్ అంకెల వల్లే ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్లు లోకానికి తెలిసింది. మామూలు మనిషి ఇంటి ముంగిట తీసిన ఫోటో కూడా ఇంటి చిరునామాను అంతే కచ్చితంగా చెబుతుంది.

బ్రౌజర్‌లో కుదించే పద్ధతి ఇక్కడ మనకు అనుకోని మేలు చేస్తుంది. కాన్వాస్ మీదికి చేరేవి పిక్సెళ్లు మాత్రమే, కొత్త ఫైలు వాటినుంచే తయారవుతుంది కాబట్టి ఎక్సిఫ్ అందులోకి రాదు. స్క్వూష్ ఫలితంలోనూ అది ఉండదు. కొన్ని సైట్లు మాత్రం ఎక్సిఫ్‌ను మళ్లీ పనిగట్టుకుని అతికిస్తాయి, అందుకని ఫలితాన్ని తనిఖీ చేయండి. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడాలి, మ్యాక్‌లో ప్రివ్యూలో తెరిచి టూల్స్ మెనూలో ఇన్‌స్పెక్టర్ చూడాలి.

కొత్తగా రాసిన ఫైలు వల్ల మరో రక్షణ కూడా ఉంది. 2023 మార్చిలో పిక్సెల్ ఫోన్ల స్క్రీన్‌షాట్ ఎడిటర్‌లో ఒక లోపం బయటపడింది. కత్తిరించి దాచిన పీఎన్‌జీ ఫైలు చివర పాత చిత్రం ముక్క అలాగే మిగిలిపోయేది, దాన్ని తిరిగి వెలికితీయగలిగారు. విప్పి మళ్లీ రాసిన ఫైలులో అలాంటి తోక మిగలదు. కార్డు మీది అంకెలను కప్పిపెట్టాలంటే మసక చేయకుండా ముదురు నల్లటి పెట్టె గీసి, ఆ తర్వాత కుదించండి.

అడ్డొచ్చే చిక్కులు

ఐఫోన్ ఫోటో తెరుచుకోకపోతే అది హెచ్‌ఈఐసీ ఫార్మాట్ అయి ఉంటుంది. 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన ఈ ఫార్మాట్‌ను సఫారీ కొత్త వెర్షన్లు చూపుతాయి గాని క్రోమ్, ఫైర్‌ఫాక్స్ చూపవు. సఫారీలో ప్రయత్నించండి, లేదా ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుని కొత్తగా తీసుకోండి. పారదర్శకమైన పీఎన్‌జీని జేపెగ్‌గా మార్చినప్పుడు వెనక నలుపు వస్తే తప్పు మీది కాదు, జేపెగ్‌కు పారదర్శకత లేదు. పీఎన్‌జీగానో వెబ్‌పీగానో ఉంచండి.

ఇంకొకటి ముఖ్యంగా గోప్యత మీద శ్రద్ధ ఉన్నవారికే ఎదురవుతుంది. గోప్యత కోసమే తయారైన టోర్ బ్రౌజర్‌లోనూ, ఫింగర్‌ప్రింటింగ్ (బ్రౌజర్ లక్షణాలను బట్టి మనిషిని గుర్తుపట్టడం) నిరోధం పూర్తిగా పెట్టుకున్న ఫైర్‌ఫాక్స్‌లోనూ కాన్వాస్ నుంచి పిక్సెళ్లు చదవడాన్ని అడ్డుకుంటారు. ఫలితంగా ఫోటోకు బదులు తెల్ల కాగితమో రంగురంగుల రవ్వలో వస్తాయి. చిరునామా గడి దగ్గర వచ్చే గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకు అనుమతి ఇవ్వండి, లేదా ఈ పనికి వేరే బ్రౌజర్ వాడండి.

పని అయ్యాక

కుదించిన ఫైలును ఒకసారి తెరిచి పూర్తిగా చూసి, పేరు మార్చండి. చాలా కెమెరాలు ఫైలు పేరులోనే తేదీని రాస్తాయి కాబట్టి, ఎక్సిఫ్ తీసేసినా తేదీ అక్కడ మిగిలి ఉంటుంది. అసలు ఫోటోను మాత్రం దాని ఎక్సిఫ్‌తో సహా భద్రపరచుకోండి, ఏళ్ల తర్వాత ఆ ఫోటో ఎప్పటిదో చెప్పేది అదే. పదిమంది వాడే కంప్యూటరు మీద ఈ పని చేసి ఉంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, రీసైకిల్ బిన్‌లో ఉన్న ప్రతులను చెరిపేయండి. ఫోటోను కాపీ చేసి పేజీలో పేస్ట్ చేసినవారు విండోస్ క్లిప్‌బోర్డ్ చరిత్రను కూడా చూడాలి. విండోస్ మీటతో వీ నొక్కితే ఆ జాబితా తెరుచుకుంటుంది, మీ గుర్తింపు కార్డు అక్కడ కనిపిస్తే తీసేసి లేవండి.